విదేశాల నుంచి పంపిన పైకం వెనక్కి మళ్ళితే కోత ఎందుకు పడుతుంది?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు వెన్న శాతం తగాదాలు, దాణా బాకీలు, బిల్లుల ఆలస్యం – సాధారణంగా ఇవే మా ముందుకు వస్తుంటాయి. కొంతకాలంగా వీటితో బాటు మరొక ప్రశ్న తరచు వినవస్తున్నది. "మా అబ్బాయి దుబాయి నుంచి డబ్బు పంపాడండీ. మా ఖాతాలో పడలేదు. తిరిగి వాడి దగ్గరికే పోయింది. పోతే పోయింది, పంపినంత పోలేదు. మధ్యలో ఎవరు తిన్నారు?" అని సభ్యులు అడుగుతున్నారు.

ఇది పాల సంఘం వ్యవహారం కాదు గదా అని కొందరు కార్యదర్శులు తోసిపుచ్చుతున్నారు. మా అభిప్రాయం వేరు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైటుకు పనికి వెళ్ళినవారి ఇళ్ళలో గేదెలను సాకుతున్నది చాలాచోట్ల వారి తల్లులు, భార్యలే. గేదె కొనే పైకం అక్కడి నుంచి వస్తుంది, దాని పాలు ఇక్కడ మన సంఘంలో పోస్తారు. ఆ పైకం దారిలో చిక్కుకుంటే సంఘానికి వచ్చే పాలు కూడా తగ్గుతాయి. కనుక ఈ నెల పాఠంగా దీనినే తీసుకొంటున్నాము.

పైకం ఏ దారిన వస్తుంది?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. అక్కడ కట్టిన నోట్లు ఇక్కడికి రావు. బ్యాంకు నుంచి బ్యాంకుకు వచ్చేది ఒక సందేశం మాత్రమే. "ఫలానా వారి లెక్కలో ఇంత ఖర్చు రాయండి, ఫలానా వారికి ఇంత జమ కట్టండి" అని దాని సారాంశం. ఈ సందేశాలు మోసేది బెల్జియం దేశంలో 1973లో ఏర్పడిన స్విఫ్ట్ అనే సంస్థ. 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి దానిని నెలకొల్పాయి. సభ్యులకు ఆసక్తి కలిగించే సంగతి ఏమంటే, చట్టం ప్రకారం అది కూడా ఒక సహకార సంఘమే. దాని వాటాదారులు బ్యాంకులు. మన సంఘంలో వాటాదారులు పాడి రైతులు.

అక్కడి బ్యాంకుకు మన ఊరి బ్యాంకుతో నేరుగా లెక్క ఉండదు. ఇద్దరికీ లెక్క ఉన్న మూడవ బ్యాంకు ఒకటి మధ్యలో కావాలి. డాలర్లలో పంపితే అది తరచు న్యూయార్కులో ఉంటుంది. ఒక్కొక్కసారి మధ్యవర్తులు ఇద్దరు కూడా ఉంటారు. ప్రతి మధ్యవర్తీ తన కూలి తాను తీసుకొంటాడు. ఇదంతా పంపినవారికి ఇచ్చిన రసీదులో కనబడకపోవచ్చు. ఎందుకంటే రసీదు ఇచ్చినది మొదటి బ్యాంకు, అది తన రుసుమును మాత్రమే రాస్తుంది.

గల్ఫులో మనవారు ఎక్కువగా వాడేది రెండవ దారి, అనగా ఎక్స్ఛేంజి కంపెనీలు. వీటికి భారతదేశంలోని బ్యాంకుల వద్ద ముందుగానే రూపాయల లెక్క తెరచి ఉంటుంది. అక్కడ దిర్హాములు గాని రియాళ్ళు గాని కట్టించుకొని, ఇక్కడ తమ రూపాయల లెక్క నుంచి జమ చేయిస్తాయి. న్యూయార్కు మధ్యవర్తి ఉండడు కాబట్టి ఖర్చు తక్కువ. అయితే పైకం వెనక్కి మళ్ళితే ఇందులోనూ నష్టమే. మొదట కట్టిన రుసుము సాధారణంగా తిరిగి రాదు. రూపాయలను మరల దిర్హాములుగా మార్చేటప్పుడు ఆనాటి కొనుగోలు రేటు కడతారు. అమ్మకం రేటుకూ కొనుగోలు రేటుకూ ఎప్పుడూ తేడా ఉంటుందని పశువుల సంతకు వెళ్ళినవారికి మేము చెప్పనక్కరలేదు. ఉదయం కొన్న గేదెను సాయంత్రం అదే సంతలో అమ్మజూస్తే తెలుస్తుంది.

మూడవది పేరు మీద నగదు తీసుకొనే పద్ధతి. దీనికి రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. ఒక్కసారికి 2,500 డాలర్లకు మించి పంపరాదు, ఒక మనిషి ఏడాదికి 30 సార్లకు మించి తీసుకోరాదు, చేతికి నగదుగా 50,000 రూపాయల వరకే ఇస్తారు. ఖాతా చిక్కులు దీనిలో తక్కువ కాని, గేదెల కొనుగోలు వంటి పెద్ద పైకానికి అనుకూలం కాదు.

వెనక్కి వచ్చిన క్యాను

శీతలీకరణ కేంద్రంలో పాలు తిప్పికొట్టిన సందర్భం మన సభ్యులందరికీ తెలుసు. క్యాను సంఘం నుంచి బయలుదేరింది, బండి ఎక్కింది, కేంద్రానికి చేరింది, పరీక్షలో నిలవలేదు. క్యాను తిరిగి వచ్చింది. పాలు తీసుకోలేదు గదా అని బండివాడు కిరాయి మానుకొంటాడా? మానుకోడు. పోయిన కిరాయి, వచ్చిన కిరాయి రెండూ సంఘం లెక్కలోనే పడతాయి. బ్యాంకుల పద్ధతి అచ్చంగా ఇదే. పని ఫలించినా ఫలించకపోయినా దారి ఖర్చు దారి ఖర్చే.

తేడా ఒక్కచోట ఉంది. కేంద్రంవారు పాలు తిప్పికొడితే పులుపు అనో, నీళ్ళు కలిసినవనో కారణం చీటీ మీద రాసి పంపుతారు. బ్యాంకులు కూడా కారణం రాస్తాయి గాని అది మన చేతికి దానంతట అదే రాదు. అడిగి తీసుకోవాలి. దీని సంగతి ముందు చెబుతాము.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ బ్యాంకు రేట్లూ కావు, విషయం తెలియడానికి మేము వేసుకొన్న అంకెలు. దుబాయిలో బ్యాంకు ఖాతా ఉన్న ఒక కుర్రవాడు 1,000 డాలర్లు ఇంటికి పంపాడనుకొందాం. అసలు మారకం డాలరుకు 3.6725 దిర్హాములని ఆ దేశం స్థిరపరచి ఉంచింది. బ్యాంకు అమ్మకం రేటు 3.685 అనుకొంటే అతని ఖాతాలో 3,685 దిర్హాములు ఖర్చు పడతాయి. పంపుడు రుసుము 100. మొత్తం 3,785 దిర్హాములు. మధ్య బ్యాంకు పోయేటప్పుడు 15 డాలర్లు తగ్గించుకొన్నది. ఇక్కడి బ్యాంకు జమ చేయలేక తిప్పిపంపుతూ 10 డాలర్లు, తిరుగు దారిలో మధ్య బ్యాంకు మరల 15 డాలర్లు తగ్గించుకొన్నాయి. దుబాయి చేరినవి 960 డాలర్లు. వాటిని బ్యాంకు 3.66 చొప్పున కొన్నది. అతని ఖాతాకు వచ్చినవి 3,513 దిర్హాముల 60 ఫిల్సులు.

పోయినది 271 దిర్హాముల 40 ఫిల్సులు. ఇందులో పంపుడు రుసుము 100, దారి కోతలు 146.40, మారకపు తేడా 25. దిర్హామును 23 రూపాయలుగా వేసుకొంటే మొత్తం 6,242 రూపాయలు. లీటరు 40 రూపాయల చొప్పున చూస్తే 156 లీటర్ల పాలు. పూటకు 5 లీటర్లు పోసే ఇంటికి ఇది 15 రోజుల బిల్లు. ఆ కుర్రవాడు మరల పంపాలంటే మరల రుసుము కట్టాలి.

పంపే ఫారంలో ఖర్చులు ఎవరు భరించాలో అడుగుతారు. "అవర్" అంటే అన్నీ పంపేవారే, "బెన్" అంటే అన్నీ తీసుకొనేవారే, "షా" అంటే అక్కడివి వారు, దారివీ ఇక్కడివీ వీరు. "అవర్ అని రాయించాను, ఇక కోత ఉండదు" అని చాలామంది ధీమా. ఆ మాట పైకం సవ్యంగా చేరినప్పటిది. వెనక్కి మళ్ళినప్పుడు తిరుగు ఖర్చును సాధారణంగా ఆ పైకంలోనే మినహాయిస్తారు. సభ్యులు ఆశ్చర్యపోయే కోతల్లో ఎక్కువ ఇక్కడే పుడుతున్నవి.

ఎందుకు వెనక్కి మళ్ళుతుంది?

మేము చూసినంతలో కారణాలు మన వైపునే ఎక్కువగా ఉంటున్నవి. అందులో మొదటిది పేరు.

మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. పాస్‌పోర్టులో వాటిని విడగొట్టి తలక్రిందులు చేస్తారు. ఆధారులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాసుబుక్కులో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, సంఘం రిజిస్టరులో అదీ ఉండదు. లక్ష్మమ్మ అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో మూడు బ్రాంచిల వారు మూడు విధాలుగా రాస్తారు. పెండ్లికి ముందు తెరచిన ఖాతా పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, కొడుకు పంపేది అత్తింటి ఇంటిపేరుతో. పాల బిల్లు వేసేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. దేశంలోపల నెఫ్ట్ ద్వారా వేసే పైకం ఖాతా నెంబరును బట్టే జమ అవుతుంది. విదేశాల నుంచి వచ్చినదానికి మాత్రం పేరు, నెంబరు రెండూ సరిచూస్తారు. "పాల బిల్లు ప్రతి పక్షం పడుతూనే ఉంది గదా, ఇది ఎందుకు పడలేదు?" అనే ప్రశ్నకు సమాధానాల్లో ఇది ఒకటి.

రెండవది బ్యాంకు కోడు. ఐ.ఎఫ్.ఎస్. కోడులో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకు గుర్తు, ఐదవది సున్న, మిగిలిన ఆరు బ్రాంచి గుర్తు. ఐదవ చోట సున్నకు బదులు ఇంగ్లీషు అక్షరం 'ఓ' రాసి పంపినవారిని కూడా చూశాము. అంతకంటె పెద్ద చిక్కు విలీనాల వలన వచ్చింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేటు బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో కలిశాయి. 2021లో ఆంధ్రా, సిండికేటు పాత కోడ్లు చెల్లుబాటు పోగొట్టుకొన్నాయి. తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు బ్రాంచిలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పదేళ్ళ క్రిందట ఊరు విడిచినవాని ఫోనులో తల్లి పాత పాసుబుక్కు ఫోటోయే ఉండిపోయింది. బోర్డు మారిన సంగతి ఊరివారికి తెలుసు, అతనికి ఎవరూ చెప్పలేదు.

గ్రామీణ బ్యాంకులు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల విషయంలో మరొక సంగతి. ఇవి సాధారణంగా విదేశీ మారక వ్యాపారం నేరుగా చేయవు. వేరే పెద్ద బ్యాంకు ద్వారా రావలసిందే. పాల బిల్లులకు ఈ ఖాతాలు చక్కగా సరిపోతాయి. విదేశీ పైకానికి ఆ ఖాతా ఇచ్చే ముందు, ఏ బ్యాంకు ద్వారా, ఏ వివరాలతో పంపాలో బ్రాంచిలో అడిగి రాయించుకోవాలి.

ఇక మూడవది, ఎక్కువమందికి తెలియనిది. తగిన గుర్తింపు పత్రాలు లేనివారికి ఫోటో, సంతకం లేక వేలిముద్ర తీసుకొని తెరచే ఖాతాను "చిన్న ఖాతా" అంటారు. 2014లో జనధన పథకం వచ్చినప్పుడు కొందరికి ఇటువంటి ఖాతాలే ఇచ్చారు. జనధన ఖాతాలన్నీ చిన్న ఖాతాలు కావు, ఇది గమనించాలి. చిన్న ఖాతాలో నిల్వ 50,000 రూపాయలు దాటరాదు. ఏడాది మొత్తం జమలు లక్ష దాటరాదు. నెలకు 10,000కు మించి తీయరాదు. వీటికి తోడు, ఖాతాదారు గుర్తింపు పూర్తిగా రుజువయ్యేవరకు విదేశాల నుంచి వచ్చిన పైకాన్ని ఆ ఖాతాలో జమ చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన.

ఒక సంఘంలో ఒక సభ్యురాలికి ఇదే జరిగింది. సౌదీలో తాపీపని చేసే కుమారుడు రెండు ముర్రా గేదెల కోసం పైకం పంపాడు. ఆమె బేరం కుదుర్చుకొని 5,000 బయానా ఇచ్చి వచ్చింది. పది రోజుల గడువు. పైకం ఖాతాలో పడలేదు. ఆమె నాలుగుసార్లు బ్రాంచికి తిరిగింది. "మాకేమీ రాలేదమ్మా" అన్నారేగాని ఖాతా ఏ తరగతిదో చూసి చెప్పినవారు లేరు. పదహారవ రోజున పైకం తరిగి సౌదీకి చేరింది. గేదెలను వేరొకరు తోలుకొనిపోయారు, బయానా మునిగింది. ఆ ఏడు చూడి గేదె లేక ఆ ఇంటి నుంచి సంఘానికి పూటకు లీటరున్నర మించి పాలు రాలేదు. ఆధారు కాగితం ఇచ్చి ఒక సంతకం చేస్తే తీరిపోయే లోపం అది. ఆ మాట ముందుగా ఆమెకు చెప్పవలసినది బ్రాంచివారే అని మా నిశ్చితాభిప్రాయం.

పూర్తి ఖాతా ఉన్నవారు కూడా నిశ్చింతగా ఉండరాదు. గుర్తింపు వివరాలు తక్కువ రిస్కు ఖాతాలకు పదేళ్ళకొకసారి తిరిగి ఇవ్వాలి. 2014, 2015లలో తెరచిన ఖాతాలకు ఆ గడువు 2024, 2025లలో వచ్చింది. అందుకే 2025 జులై నుంచి సెప్టెంబరు వరకు గ్రామపంచాయతీలలో బ్యాంకులు శిబిరాలు పెట్టాయి. ఆ రోజుల్లో నాట్లకు పోయినవారు చాలామంది రాలేదు. అటువంటివారు ఇప్పుడు బ్రాంచికి వెళ్ళి పూర్తి చేసుకోవచ్చు.

పైకం చిక్కుకొన్నప్పుడు

మొదటి వారంలోనే కదలాలి. పైకం ఇంకా దారిలో ఉన్నప్పుడు, పంపినవారు తమ బ్యాంకుకు చెప్పి పేరు గాని నెంబరు గాని సవరణ సందేశం పంపించవచ్చు. దీనికీ కొంత రుసుము ఉంటుంది. అయినా పైకం వెనక్కి మళ్ళి మరల రావడం కంటె తరచు ఇదే చౌక. "దానంతట అదే తిరిగి వస్తుందిలే" అని ఊరుకోవడం ఖరీదైన పని.

బ్యాంకు ద్వారా పంపినదైతే దానికి 36 అక్షరాల గుర్తు నెంబరు ఒకటి ఉంటుంది. దానిని యు.ఇ.టి.ఆర్. అంటారు. 2018 నవంబరు నుంచి స్విఫ్ట్ చెల్లింపులన్నిటికీ ఇది తప్పనిసరి. పార్సిలుకు లారీ రసీదు ఎటువంటిదో ఇది అటువంటిది. ఏ తేదీన ఏ బ్యాంకు వద్ద ఉంది, ఎవరు ఎంత తగ్గించుకొన్నారు అన్నవి దీనితో చాలావరకు బయటపడతాయి. కాని నెంబరు పంపినవారి బ్యాంకు వద్ద ఉంటుంది. కొడుకు అడిగి ఫోనులో పంపాలి. "పంపాను" అనే మాట ఒక్కటి పట్టుకొని తల్లి బ్రాంచికి పోతే అక్కడివారు వెదకలేరు.

ఇక్కడి బ్రాంచి మేనేజరుగారికి తెలుగులోనే ఒక దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పైకం మీకు ఏ తేదీన చేరింది, ఎందుకు జమ చేయలేదు, ఏ తేదీన తిప్పిపంపారు, ఎంత తగ్గించారు, ఆ తగ్గింపు మీ రుసుముల పట్టికలో ఏ పద్దు క్రింద ఉంది – ఇంతే అడగాలి. తిప్పిపంపే సందేశంలో కారణానికి కోడు ఉంటుంది. ఏసి01 అంటే నెంబరు తప్పు, ఏసి04 అంటే ఖాతా మూసివేశారు, ఏసి06 అంటే ఖాతా స్తంభింపజేశారు. కోడు తెలిస్తే తప్పు ఎవరిదో తేలుతుంది. తప్పు ఎవరిదో తేలితే ఖర్చు ఎవరు మోయాలో వాదించవచ్చు.

ఒక్కోసారి పన్ను పద్దు కూడా కనిపిస్తుంది. విదేశీ ద్రవ్యాన్ని ఇక్కడ రూపాయలలోకి మార్చినప్పుడు జి.ఎస్.టి. ఉంటుంది. లక్ష రూపాయల వరకు మార్పిడి విలువలో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా తీసుకొని దానిపై 18 శాతం వేస్తారు. కనుక కనీస పన్ను 45 రూపాయలు, 50,000 మార్చితే 90 రూపాయలు. ఎక్స్ఛేంజి కంపెనీ రూపాయలలోనే జమ చేయించిన పైకానికి ఇక్కడ మార్పిడి జరగదు, కాబట్టి ఈ పద్దు కనబడితే కారణం అడగవచ్చు.

బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 14448 నెంబరుకు ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు. కాని సభ్యులకు ఉన్నమాట చెప్పాలి. పట్టికలో ప్రకటించిన రుసుమును నియమం ప్రకారం తగ్గించి ఉంటే అది తిరిగి రావడం కష్టం. వివరాలన్నీ సరిగా ఉండి కూడా బ్యాంకు జమ చేయకపోతే, లేక కారణం లేకుండా రోజుల తరబడి నిలిపి ఉంచితే మీ వాదం బలంగా ఉంటుంది. అక్కడి బ్యాంకుల మీద గాని ఎక్స్ఛేంజిల మీద గాని ఈ అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో 2023లో సనదక్ అనే ఫిర్యాదుల సంస్థ ఏర్పడింది. అక్కడ పనిచేసే కుర్రవాడే దానికి రాసుకోవాలి.

కోతలతో విసిగి హవాలా మనుషుల దగ్గరికి పోతున్నవారున్నారు. అది 1999 నాటి విదేశీ మారక చట్టానికి విరుద్ధం. పైకం మునిగితే అడిగే దిక్కు కూడా ఉండదు. అలాగే "మీ అబ్బాయి పైకం ఆగింది, విడిపించడానికి 3,000 కట్టండి" అని ఫోను వస్తే కట్టవద్దు. బ్యాంకులు తమ ఖర్చును వచ్చిన పైకంలో తగ్గించుకొంటాయి, ఫోను చేసి మీ చేత కట్టించవు.

కొత్త ఖాతాకు మొదటిసారి పంపేటప్పుడు చిన్న మొత్తం పంపి, అది పడిన తరువాతనే పెద్ద మొత్తం పంపమని పిల్లలకు చెప్పండి. ఒక రుసుము అదనంగా పోయినా లక్ష రూపాయలు దారిలో చిక్కుకోవడం కంటె అది మేలు. పంపే కారణం అడిగినచోట కుటుంబ పోషణ అని రాయించాలి. దాని కోడు పి1301. పైకం అందేవరకు గేదెకు బయానా ఇవ్వకండి, ఇచ్చినా గడువు నెలకు తగ్గకుండా పెట్టుకోండి.

కార్యదర్శులకు ఒక మనవి. వచ్చే బిల్లు రోజున విదేశాలలో పిల్లలున్న సభ్యులను పాసుబుక్కు, ఆధారు తీసుకొని రమ్మనండి. రెండింటిలో పేరు అక్షరం అక్షరం ఒకటిగా ఉన్నదా, కోడు విలీనం తరువాతిదా, గుర్తింపు వివరాలు ఎప్పుడు ఇచ్చారు అన్నవి చూడడానికి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. తేడా ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసి బ్రాంచి మేనేజరుగారికి ఇచ్చి, ఏ రోజున రమ్మంటారో అడగండి. సరిచేసిన కొత్త పాసుబుక్కు మొదటి పేజీ ఫోటోను అదే రోజు పిల్లలకు పంపించి, పాతది తీసివేయమనండి. ఆ కాగితం నకలు తనిఖీ ఫైలులో ఉంచితే మేము వచ్చినప్పుడు చూస్తాము.